ఎనిమిదో గది నేల

మా ఇంటికి ఏడు గదులు. అడుగుల చప్పుడు మాత్రం ఎనిమిదో గదిలోకి పోయేది. ఎనిమిదో గది అసలు కట్టనే లేదు. గోడ అవతల ఉన్నది ఖాళీ గాలి, దాని కింద చేపల కుంట. ఈ మాట ఎవరితో చెప్పుకోమంటారు? చెప్తే అస్నిమార్‌కి మతి చెడిందని ఊరంతా టాంటాం వేస్తారు. అందుకే యాభై ఎనిమిదేళ్ళు నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఎలాగూ అందరికీ తెలిసిపోయింది కాబట్టి మొదటినుంచీ చెప్తాను, మధ్యలో అడ్డు రాకండి.

మా వైపు ఇల్లు ఆడవాళ్ళది. తల్లి నుంచి కూతురికి వస్తుంది. మగవాడు పెళ్ళయ్యాక పెళ్ళాం ఇంటికి వచ్చి పడుకుంటాడు, పొద్దున్నే లేచి వాళ్ళమ్మ పొలానికి పోతాడు, అంతే. మా ఆయన ముప్పై ఏళ్ళు ఈ ఇంట్లో చుట్టంలాగే ఉండి, చుట్టంలాగే మర్యాదగా వెళ్ళిపోయాడు, పాపం. ఇల్లు పొడుగ్గా, స్తంభాల మీద, నేలకి నడుమెత్తున ఉంటుంది. కప్పు రెండు కొసలా దున్నపోతు కొమ్ముల్లా పైకి లేస్తుంది. ముందువైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే హాలు. వెనకవైపు వరసగా గదులు, పెళ్ళయిన ఒక్కో ఆడదానికి ఒకటి. ఆడపిల్ల ఎదిగితే తూర్పు కొసన ఇంకో గది పెంచుతారు. మా ముత్తవ్వ మూడు గదులతో మొదలుపెట్టిన ఇల్లు అలా పెరిగి పెరిగి ఏడయింది.

గది పెంచాలంటే ముందు మాను కావాలి. పిల్ల పెద్దమనిషి అయిన ఏడు అడవిలో చెట్టు కొట్టి, పిల్ల పేరు చెప్పి, ఇంటి పక్క కుంటలో బురదలోకి దించుతారు. నాలుగైదేళ్ళు నానితే ఇక దానికి పురుగు పట్టదు, చెద పట్టదు. పెళ్ళి కుదిరాక పైకి తీసి స్తంభంగా నిలబెడతారు. ఒకరి పేరున నానిన మాను ఇంకొకరికి నిలబెట్టకూడదు.

మా అక్క రవానీ పేరున నానిన మాను పైకి రాలేదు.

అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. మా తల్లి వంశంలోనే పుట్టినవాడి మీద మనసుపడింది. ఒకే వంశం అంటే మాకు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. ఊరు భగ్గుమంది. మా మేనమామ హాలు మధ్యలో నిలబడి దాన్ని వెలివేశాడు. ఈ ఇంట్లో గది లేదు, ఊళ్ళో మాట లేదు, చచ్చాక మా సమాధుల పక్కన చోటు లేదు. తెల్లారేసరికి ఇద్దరూ లేరు. అది అడవుల్లో తిరుగుబాటుదార్లకీ సైన్యానికీ మధ్య తుపాకులు పేలుతున్న కాలం. మనిషి కనిపించకపోతే ఎవరూ గట్టిగా అడిగేవారు కాదు. మేడాన్ పట్నం పోయారని కొందరు, సముద్రం దాటి మలయా పోయారని కొందరు అనుకున్నారు. దాని మాను అలాగే పడి ఉండనివ్వమని మామ చెప్పాడు. ఆ కుంటలో చేపలు పట్టడం కూడా మానేశాం. గుర్రపుడెక్క పెరిగి నీళ్ళు కనపడకుండా కప్పేసింది.

అడుగులు మొదలైంది ఆ మరుసటి ఏడు.

వాన పడే సాయంత్రాలు, సంజె నమాజు వేళకి వచ్చేవి. ముఖద్వారం దగ్గర మొదలై, హాలు పొడవునా పరుగు, పలకల మీద ధబధబా. తూర్పు గోడ దగ్గర ఆగాలి కదా? ఆగవు. గోడ దాటి ఇంకో నాలుగు అడుగులు, అవతల గాల్లో, కుంట మీద. అక్కడ ఆగిపోతాయి. అమ్మ కూడా వినేది. "రవానీ వస్తోందే," అని లేచి వెళ్ళి, తలుపు బార్లా తీసి గడప దగ్గర కూర్చునేది. జల్లు కొట్టి బట్టలు తడిసినా కదిలేది కాదు. బతికినంతకాలం, వాన వచ్చిన ప్రతి సాయంత్రం అలాగే కూర్చుంది. నేనూ ఆ అడుగులు అక్కవే అనుకున్నాను. అనుకుని ముసుగుతన్ని పడుకునేదాన్ని.

ఇక నా కూతురు ఫీదా సంగతి. పదకొండేళ్ళు పదాంగ్ పట్నంలో ఒక హోటల్లో పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చింది. వచ్చిన వారానికే నా ముందు ఒక కాగితం చుట్ట విప్పింది.

"చూడమ్మా. తూర్పు కొసన కాంక్రీటుతో పెద్ద గది. అందులోనే వంటిల్లు, భోజనాల బల్ల, పక్కన రెండు బాత్రూములు, వేడినీళ్ళు. అటువైపు గోడంతా అద్దాలు, పొలాలు కనపడేట్టు. డబ్బిచ్చి దిగే అతిథులు పాత గదుల్లో పడుకుంటారు, మిగతావన్నీ కొత్త గదిలో."

"ఎన్నో గది అవుతుంది అది?"

"ఎనిమిదోది. ఏం?"

"ఏం లేదు. మన వంటిల్లు వంటిల్లు కాదా?"

"పొగకి వాళ్ళ కళ్ళు పోతాయి. బాత్రూముకి పెరట్లో అరటిచెట్ల వెనక్కి పొమ్మందామా?" అంది ఫీదా. కాగితం కొసలు చేత్తో సాపుచేస్తూ మెల్లగా అంది, "పక్కవాళ్ళ ఇల్లు చూశావుగా అమ్మా. గబ్బిలాలు తప్ప ఎవరున్నారు అందులో? మన ఇల్లు నిలబడాలంటే దాని తిండి అదే సంపాదించుకోవాలి."

దాని మాటలో తప్పేముంది? మూడేళ్ళుగా అదే కల కంటోంది. ఆ కళ్ళు చూసి వద్దనడానికి నాకు నోరు రాలేదు. నా తమ్ముడు జైనీర్ కూడా సరేనన్నాడు. వాడిప్పుడు మా వంశానికి పెద్ద, దాతుక్ అని బిరుదు. బిరుదు వచ్చిన రోజు నుంచీ దగ్గడం కూడా గంభీరంగా దగ్గుతాడు.

మెట్ల కింద ఉన్న రాతి తొట్టి తీసేసి కొళాయి పెట్టిద్దామని ఫీదా అన్నప్పుడు మాత్రం వాడు లేచి నిలబడ్డాడు.

"ఆ తొట్టి జోలికి రాకు, తల్లీ. మీ ముత్తవ్వకి అమ్మ పెట్టిన కట్టు అది. ఎవరైనా సరే, దొంగైనా, వెలివేసినవాళ్ళైనా, ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుని మూడుసార్లు పిలిస్తే ఈ ఇంటి తలుపు తీయాల్సిందే. తీసి లోపలికి రమ్మనాల్సిందే. వచ్చారా, వెలి అక్కడితో సరి. తీయకపోతే పాపం పిలిచినవాళ్ళది కాదు, తీయనివాళ్ళది."

"మామయ్యా, ఉపన్యాసం బాగుంది. ఉంచుదాంలే," అంది ఫీదా నవ్వుతూ. నేను లేచి వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఊరికే నిలబడ్డాను.

మేస్త్రీ సాఫ్రిల్ వచ్చి మా తూర్పు గోడ చూసి తల గోక్కున్నాడు. "పెద్దమ్మా, ఈ గోడేంటి, తాగొచ్చినవాడిలా బయటికి వాలింది? దీని పక్కన నా గోడ నిటారుగా ఎలా కట్టను?"

"వాలలేదురా అబ్బాయ్, అలాగే కట్టారు. భూకంపం వచ్చిన ప్రతిసారీ మీ నిటారు గోడలన్నీ పడ్డాయి, ఇది మాత్రం ఊగి ఊరుకుంది."

"అయితే పైన ఆనుతుంది, కింద జానెడు సందు మిగిలిపోతుంది."

"మిగలనియ్."

అసలు ప్రశ్న తర్వాత అడిగాడు. కుంట తోడి ఎండబెట్టి మట్టి నింపాలా, నీళ్ళలోనే లారీలు గుమ్మరించాలా? అందరూ నా వైపు చూశారు. ఇంట్లో పెద్దాడదాన్ని నేనే కదా.

"అక్కా, అందులో రవానక్క మాను ఉందంటారు. తీసి ఎక్కడైనా వాడుకుందామా?" అన్నాడు జైనీర్.

"ఒకరి మాను ఇంకొకరికి నిలబెడతావా? పేరుకి దాతుక్‌వి, ఆ మాత్రం తెలీదా?" అని కసిరాను. "తోడక్కర్లేదు. అలాగే నింపెయ్యండి," అన్నాను సాఫ్రిల్‌తో. గొంతు మామూలుగానే వచ్చింది. అందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

నాలుగు రోజులు లారీలు వచ్చాయి. గుర్రపుడెక్క మీద ఎర్రమట్టి పడుతుంటే నేను కిటికీ దగ్గరికి పోలేదు. చుట్టూ రాతిగోడ కట్టి, మా హాలు ఎత్తు దాకా మట్టి పోసి, కుంగడానికి ఆరు నెలలు వదిలేశారు. ఆ ఆరు నెలలూ వానలే. అడుగులు మానలేదు, చప్పుడు మాత్రం మారింది. గోడ అవతల ఆ నాలుగు అడుగులు ఇదివరకు గాల్లో పడేవి. ఇప్పుడు మట్టి మీద మెత్తగా పడుతున్నాయి. దానికి కాలు మోపే చోటు మనమే ఇచ్చాం కదా అనుకున్నాను.

గోడలూ కప్పూ లేచాక, నేలకి కాంక్రీటు వేసిన రోజు ఫీదా బంకబియ్యం వెదురు బొంగుల్లో వండి పనివాళ్ళకి పెట్టింది. సాయంత్రం వాన వచ్చింది. అద్దాలు ఇంకా బిగించలేదు కాబట్టి పచ్చి నేల మీద పట్టా కప్పి అందరూ వెళ్ళారు. తెల్లారి పట్టా తీసిన సాఫ్రిల్ కేకలు ఊరవతలికి వినపడ్డాయి.

"ఎవడ్రా ఆ వెధవ? నా నేల మీద పరిగెత్తింది ఎవడు? దొరికితే కాళ్ళు విరుస్తా!"

చిన్న పిల్లల అడుగులు. ఏ ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. తాపీతో నున్నగా పూడ్చేశాడు. వారం తర్వాత పైన సన్నటి గచ్చు వేశాడు. ఈసారి చుట్టూ ముళ్ళకంపలు పేర్చి, తనే అరుగు మీద కాపలా కూర్చున్నాడు. సంజె వేళకి వాన పడింది. ఎవరూ రాలేదని ఒట్టేశాడు. పొద్దున చూస్తే అవే అడుగులు. ఈసారి సాఫ్రిల్ అరవలేదు. నన్ను పక్కకి పిలిచాడు.

"పెద్దమ్మా, ఇది పిల్లల అల్లరి కాదు. చూడండి, మొదటి అడుగు మీ పాత గోడకి ఆనుకుని ఉంది. అక్కడ తలుపు ఇంకా కొయ్యనే లేదు. నాలుగు అడుగులేసి, ఇదిగో ఇక్కడ రెండు కాళ్ళూ కలిపి నిలబడింది. రావడం ఉంది గానీ, తిరిగి పోవడం లేదు."

"వెళ్ళి కాఫీ ఆకు నీళ్ళు తాగు పో. ఫీదా కాచింది," అన్నాను.

వాడు వెళ్ళాక మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. అక్క వెళ్ళిపోయేనాటికి పంతొమ్మిదేళ్ళది. పొడుగు పాదాలు దానివి, చెప్పులు దొరికేవి కాదు. ఇవి జానెడు కూడా లేవు. చేత్తో తడిమాను. కుడికాలివి ఐదు వేళ్ళు. ఎడమకాలివి నాలుగే. చిటికెనవేలు ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

నాకు ఏడేళ్ళప్పుడు దాల్చినచెక్క గీసే కత్తి కాలి మీద పడి ఎడమ చిటికెనవేలు పోయింది.

నా కాలు గబుక్కున బట్టల కిందికి లాక్కున్నాను, ఎవరో చూస్తున్నట్టు. యాభై ఎనిమిదేళ్ళు అక్క వస్తోందని భయపడ్డాను. అమ్మ చచ్చేదాకా తలుపు తీసుకుని ఎదురుచూసింది. వచ్చేది అక్క కాదు. నేను. తొమ్మిదేళ్ళ అస్నీ. బతికున్న మనిషి దయ్యం అవుతుందని ఎవరైనా చెప్పారా నాకు?

ఫీదాకి మటుకు చిరాకే. "శుక్రవారం టైల్స్ వేయించేస్తున్నా. టైల్స్ మీద ఎన్ని పరుగులు పెట్టినా అచ్చు పడదు. ఆ పై వారం మొదటి అతిథులు వస్తున్నారు. సాఫ్రిల్ భయపడితే ఇంకో మేస్త్రీని పిలుస్తా," అంది.

శుక్రవారం. అంటే మూడు రోజులు. నేను నోరు విప్పితే ఆ నేల పగలగొట్టాలి, నా కూతురి మూడేళ్ళ కల నా చేత్తో కూల్చాలి. విప్పకపోతే ఆ నేల కింద ఉన్నది ఇక ఎప్పటికీ పైకి రాదు. మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. ఫీదా నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, "జ్వరం కూడా లేదే, ఏమైంది నీకు?" అంది.

గురువారం సాయంత్రం జైనీర్ కొత్త నేల మీద దువా చదవడానికి వచ్చాడు. సాయంత్రం నాలుగింటికి ఎండ ఇంకా ఉంది. అప్పటికి పాత గోడలో ఒక పలక తీసి దారి చేశారు. ఫీదా చాప పరిచింది. వాడు గొంతు సవరించుకుని చేతులు ఎత్తబోయాడు.

"ఆగు," అన్నాను.

చెప్పులు విడిచాను. వెళ్ళి, ఆ జంట అడుగుల పక్కన నా ఎడమకాలు పెట్టాను. ఫీదా చూసింది. నా కాలు చూసింది, గచ్చులో అచ్చు చూసింది, మళ్ళీ నా కాలు చూసింది.

"అమ్మా..."

"నావే," అన్నాను. "కూర్చోండి. నేను నిలబడే చెప్తాను."

"అక్క తిరిగొచ్చింది. వెళ్ళిన ఎనిమిది నెలలకి, ఒక్కతే. వాన, సంజె నమాజు వేళ. అమ్మ, ఇంట్లో పెద్దాడవాళ్ళు అందరూ ఎవరో పోయినవాళ్ళింటికి పలకరింపుకి పోయారు. నువ్వు మూడేళ్ళవాడివిరా జైనీర్, ఉయ్యాల్లో నిద్రపోతున్నావు. కింద తొట్టి దగ్గర నీళ్ళు పోసుకున్న చప్పుడైంది. అక్క కాళ్ళు కడుక్కుంది. 'అస్నీ' అని పిలిచింది. నాకు గొంతు తెలిసింది. ఎగిరి గంతేసి తలుపు దగ్గరికి పోయాను. పోయి గడియ పెట్టాను."

"ఎందుకూ?" అన్నాడు జైనీర్.

"కోపంరా! వాళ్ళ ఉత్తరాలు మోసింది నేను. దానికి మామ బెత్తం విరిగేదాకా కొట్టింది నన్ను. అది చెప్పాపెట్టకుండా పోయింది. నన్ను తీసుకుపోలేదు, వెళ్ళొస్తానని ఒక్క మాట చెప్పలేదు. కాసేపు తడవనీ అనుకున్నాను. కాసేపే! తర్వాత తీద్దామనే. అది రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. నేను చెయ్యి నోట్లో పెట్టుకుని నవ్వుతున్నాను. అప్పుడది, 'సర్లే అస్నీ, నా మాను ఇంకా ఉందో లేదో చూసుకుని పోతా' అంది."

ఫీదా లేవబోయింది, వద్దన్నాను.

"హాలంతా పరిగెత్తి తూర్పు గోడ పలకల సందులోంచి చూశాను. అది కుంటలోకి దిగింది. నడుము లోతు నీళ్ళలో కాలితో వెతుకుతోంది, మాను తగిలినట్టుంది, నవ్వింది కూడా. వంగింది. మళ్ళీ లేవలేదు. నీళ్ళు గుండ్రంగా తిరిగాయి, అంతే. నాలుగు అడుగుల దూరం. కిందికి దూకి కేక వేస్తే పొలంలో మనుషులున్నారు. వెయ్యలేదు. వేస్తే గడియ ఎవరు పెట్టారని అడుగుతారు కదా. గట్టు మీదికి ఎక్కి పోయుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. రేపు చెప్దాం అనుకున్నాను. ఆ రేపు ఇవాళ వచ్చింది."

ఆ నాలుగు అడుగులు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నేను వెయ్యాల్సినవి అవి.

జైనీర్ లేచాడు. వాడి బిరుదు, గాంభీర్యం ఏమైపోయాయో, చిన్నపిల్లవాడిలా వెక్కుతున్నాడు. "అమ్మ ఎదురుచూసింది కదే! వాన వచ్చిన ప్రతిరోజూ ఆ గడప మీద కూర్చుంది కదే! నువ్వు పక్కనే ఉండి చూశావు! ఎలా తిన్నావే అన్నం?"

"తిన్నాను," అన్నాను. "అదే నాకూ అర్థం కాదు."

ఫీదా మెల్లగా లేచి, ఆ నున్నటి నేల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసుకుంది. తర్వాత ఫోన్ తీసి సాఫ్రిల్‌కి చేసింది. "రేపు టైల్స్ వాళ్ళని రావద్దను. నేల పగలగొట్టే మిషన్ తీసుకురా. ఆఁ, మొత్తం," అని ఫోన్ పెట్టేసి, చేతుల్లో మొహం కప్పుకుని ఏడ్చింది. నా దగ్గరికి రాలేదు. రావాలని నేను ఆశపడలేదు కూడా.

మూడు రోజులు తవ్వారు. మాను ముందు కనపడింది. నల్లగా, గడ్డపార తగిలితే ఇనుములా మోగింది. దాన్ని తాళ్ళు కట్టి పైకి లేపితే, ఆనించిన రాళ్ళ మీద నుంచి అది ఎప్పుడో దొర్లిన గుర్తు ఉంది. కింద అక్క ఉంది. బురద దాన్ని జాగ్రత్తగానే దాచింది. ఒక చేతి ఎముకకి ఇత్తడి గాజు ఉంది, అది నా చిన్నప్పుడు నేనూ అక్కా మార్చి మార్చి వేసుకున్న గాజు. అక్క వెంట వెళ్ళినవాడు అడవిలో తుపాకీ గుండుకి పోయాడని, అందుకే ఒక్కతే వచ్చిందని, తవ్వకం చూడటానికి వచ్చిన వాడి చెల్లెలు చెప్పింది. ఆవిడకి ముందే తెలుసు. మా ఇంటికొచ్చి చెప్పే వీలు మేమెప్పుడిచ్చాం?

పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు. ఆ తర్వాత ఊరి పెద్దలంతా మా హాల్లో కూర్చున్నారు. వెలివేసిన మనిషిని వంశం సమాధుల్లో ఎలా పెడతారని ఒకాయన అడిగాడు. జైనీర్ గొంతు సవరించుకోలేదు ఈసారి.

"మా అక్క కాళ్ళు కడుక్కుంది. మూడుసార్లు పిలిచింది. ఆ సాయంత్రంతో దాని వెలి తీరిపోయింది. యాభై ఎనిమిదేళ్ళుగా అది ఈ ఇంటి మనిషే. తప్పు తలుపు తీయనివాళ్ళది."

"అయితే నన్ను వెలివెయ్," అన్నాను. నిజంగానే అన్నాను. అదే మేలనిపించింది.

వాడు తల అడ్డంగా ఊపాడు. "నిన్ను పంపిస్తే సుఖపడతావు. పంపను. ఇవాళ్టినుంచి నీకు గది లేదు. తలుపు దగ్గర చాప వేసుకుని పడుకో. ఎవరు పిలిచినా నువ్వే లేచి తలుపు తియ్. బతికినంతకాలం," అన్నాడు.

సరేనన్నాను. అమ్మ పక్కన అక్కని పెట్టాం. దున్నపోతుని కోసి ఊరందరికీ అన్నం పెట్టాం. మట్టి మళ్ళీ పోసి, మళ్ళీ కుంగనిచ్చి, ఫీదా నేల మళ్ళీ వేయించింది. ఈసారి గది మధ్యలో అక్క మాను నిలబెట్టించింది. సాఫ్రిల్ దాని చుట్టూ టైల్స్ గుండ్రంగా కోసి అమర్చాడు. "ఇంత గట్టి స్తంభం నా బతుకులో చూళ్ళేదు పెద్దమ్మా," అన్నాడు. నాతో ఇంకా మాట్లాడేది వాడొక్కడే అప్పట్లో. ఫీదా అన్నం పెట్టేది గానీ కళ్ళు కలిపేది కాదు.

గది పూర్తయిన నాలుగో రోజు వాన వచ్చింది. సంజె వేళ, నేను ముఖద్వారం దగ్గర చాప మీద తస్బీ పూసలు తిప్పుకుంటున్నాను. అడుగులు వినపడ్డాయి. ఈసారి నా దగ్గర మొదలవలేదు. ఎనిమిదో గదిలో, ఆ స్తంభం దగ్గర, టైల్స్ మీద టపటపా మొదలై, పాత పలకల మీదికి వచ్చి, హాలు పొడవునా నా వైపు పరుగు. దగ్గరికి, ఇంకా దగ్గరికి. నా చాప పక్కన వచ్చి ఆగాయి. చిన్నపిల్ల రొప్పుతున్న చప్పుడు నా చెవి పక్కనే వినపడింది.

కింద రాతి తొట్టి దగ్గర ఎవరో కొబ్బరిచిప్పతో నీళ్ళు పోసుకున్నారు.

"అస్నీ."

నేను రెండో పిలుపు దాకా ఆగలేదు. లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి, చెయ్యి అందలేదు. గడియ దానంతటదే జరిగింది, చిన్నచెయ్యి ఒకటి తొందర తొందరగా లాగినట్టు. తలుపు తెరుచుకుంది. బయట వాన తప్ప ఏమీ లేదు.

"లోపలికి రా అక్కా, తడిసిపోతావు," అన్నాను.

వెనక నుంచి ఫీదా వచ్చి నా పక్కన కూర్చుని, ఇన్నాళ్ళకి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం గడప వైపే చూస్తున్నాం. పొడి చెక్క మీద తడి అడుగు ఒకటి పడింది. పొడుగు పాదం, ఎడమకాలిది. ఐదు వేళ్ళూ ఉన్నాయి.